పరక పిల్లల సాక్ష్యం

మా పెదబాపు బుగ్గయ్య మంచివాడు. ఇబ్రహీంపట్నంలో మా బెస్తవాడలో ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. కల్లు తాగి వాడకట్టున పడింది లేదు, ఒకరి వలలో చెయ్యి పెట్టింది లేదు, మా పెదమ్మ రాధమ్మ మీద చెయ్యెత్తింది లేదు. ఆయన చనిపోయిన రోజు వాడలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఇదంతా నిజమే. ఈ మంచివాడు ఆడిన ఒక్క అబద్ధం వల్ల ఐదుగురు చనిపోయారన్నదీ నిజమే. అది జరిగినప్పుడు నాకు ఎనిమిది నెలలు. పోలీసు చర్య జరిగిన వారంలో పుట్టానని నాకు స్వరాజ్యం అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ అబద్ధంలో నాకూ కొంత వాటా ఉంది. అదెట్లాగో చెబుతాను.

పెదబాపుకు చేపల్ని పట్టడం కన్నా బతికించడం బాగా వచ్చు. కొర్రమట్టల్ని కుండలో వేసుకుని మన్నెగూడ మీదుగా హైదరాబాదు దాకా నడిచిపోయినా ఒక్కటీ చచ్చేది కాదట. అట్లా ఒకసారి ఒక జాగీర్దారు దేవిడీకి చేపలు తీసుకుపోతే, ఆ పెద్దమనిషి కుండలోకి తొంగి చూసి, ఈ మనిషిని ఇక్కడే ఉంచుకోండి అన్నాడు. దివాణఖానాలో ఆయనకు అద్దాల తొట్టి ఉండేది. అందులో బొంబాయి నుంచి తెప్పించిన ఎర్రచేపలు. వాటిని చూసుకోవడమే పని. మా పెదబాపు నాలుగేళ్లు ఆ కొలువు చేశాడు.

మొదటి వారంలోనే పదకొండు చేపలు చచ్చాయి. నల్లా తిప్పి, వచ్చిన నీళ్లు వచ్చినట్టే తొట్టిలో పోశాడు మరి. కొలువు ఊడిందనుకుని మూట కట్టుకుంటుంటే జాగీర్దారు అల్లుడు వచ్చాడు. ఆయన డాక్టరు. నల్లా నీళ్లలో రోగాలు రాకుండా మందు కలుపుతారని, ఆ మందు చేపల మొప్పల్ని కాల్చేస్తుందని చెప్పాడు. "మనిషికి ఏం గాదు బుగ్గయ్యా, మచ్చీకే జహర్" అన్నాడట, చేపలకే విషమని. ఒక చిన్న సీసా కూడా ఇచ్చాడు. గ్లాసెడు నీళ్లలో అందులోంచి నాలుగు చుక్కలు వేస్తే, మందు ఉన్న నీళ్లు పసుపురంగు తిరుగుతాయి. మందు పోయిన నీళ్లు ఉన్నట్టే ఉంటాయి.

ఆ రోజు నుంచి పెదబాపు పద్ధతి మార్చాడు. నల్లా నీళ్లు గంగాళంలో పట్టి ఎండలో మూత లేకుండా పెట్టేవాడు. మధ్యమధ్య గరిటెతో కలిపేవాడు. మర్నాడు చుక్కలు వేసి చూసేవాడు. పసుపు తిరిగితే ఇంకో పూట ఆగేవాడు. తిరగకపోతే అప్పటికీ నమ్మక, రెండు పరక పిల్లల్ని ఆ గంగాళంలో వదిలి, వాకిలంతా ఊడ్చి వచ్చేదాకా అవి ఈదుతూ ఉంటేనే ఆ నీళ్లు తొట్టిలో పోసేవాడు. పరక పిల్లలంటే వేలెడంత తెల్లచేపలు, చిటికెలో ప్రాణం పోయేవి. ఇంత జాగ్రత్త చేపలకు. ఆయన మాత్రం ఆ నాలుగేళ్లూ నల్లా కింద దోసిలి పట్టి తాగాడు. ఆ నీళ్లతోనే వండుకుని తిన్నాడు. ఒక్కనాడూ తలనొప్పి కూడా రాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన మరచిపోలేదు కాబట్టి.

పోలీసు చర్య అయ్యాక జాగీర్దారు కుటుంబం దేవిడీకి తాళం వేసి వెళ్లిపోయింది. పెదబాపు మూట నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చాడు. వచ్చినవాణ్ని వాడ ఊరికే ఉండనిచ్చిందా? "మేం చేపలు పడుతుంటే నువ్వు షహర్ల చేపలకు తానం పోసినవటనే" అని ఒకడు, "నవాబు చేపలకు దువ్వెన గూడ పెట్టినవా" అని ఇంకొకడు. చెరువులో ఆయన వంతు ఎప్పుడో వేరేవాళ్లు తీసుకున్నారు. పైగా దేవిడీలో పనిచేసి వచ్చినవాడు, రజాకార్ల కాలంలో ఎవరి ఉప్పు తిన్నాడో అని కొందరికి అనుమానం. ఆ రోజుల్లో ఆయనతో మనిషిలా మాట్లాడింది సాయన్న ఒక్కడే. సాయన్నది మా పక్కిల్లు. "నా తెప్ప మీదికి రారాదు, వెనక కూసోని గడ వెయ్యి" అని తీసుకుపోయేవాడు. పట్టిన దాంట్లో సగం మా ఇంటికి పంపేవాడు.

తర్వాతి ఎండాకాలానికి ఊళ్లో మిలిటరీ క్యాంపు పడింది. సంఘంవాళ్లను, అంటే కమ్యూనిస్టులను, పట్టుకోవడానికి వచ్చినవాళ్లు. దళానికి చేపలు ఇచ్చారని మా వాడ నుంచి ముగ్గురిని తీసుకుపోయి, పాదాలు వాచేదాకా కొట్టి పంపారు. వాళ్లలో ఒకడు కులపెద్ద గోపయ్య సొంత తమ్ముడు. ఆ దెబ్బలు ఇంకా మానకముందే, ఆ మిలిటరీ జీపుల రంగు జీపులోనే ఒక ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ మా వాడలోకి దిగాడు. మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు. వెంట ఇద్దరు తుపాకీ జవాన్లు. చుట్టుపక్కల ఊళ్లలో కలరా, మా మాటలో గత్తర, సోకిందని, బావిలో మందు వేయాలని చెప్పి, సంచిలోంచి తెల్లపొడి బకెట్లో కలిపి మా బావిలో పోయించాడు. ముక్కులు అదిరే వాసన. కాసేపాగి గాజుగొట్టంలో బావినీళ్లు పట్టి, సీసాలోంచి చుక్కలు వేశాడు. నీళ్లు పసుపురంగు తిరిగాయి. "సరిపోయింది, సాయంత్రం నుంచి నిక్షేపంగా తాగండి" అని జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ పసుపు చూడగానే పెదబాపుకు అంతా అర్థమైంది. మిగతావాళ్లకు అర్థమైంది వేరు. మొన్న కాళ్లు విరగ్గొట్టినవాళ్లు ఇవాళ బావిలో పొడి పోశారు, నీళ్లు రంగు మారాయి. ఎవరు తాగుతారు? వాళ్లను నేను తప్పు పట్టను.

మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా బావి తవ్వినా, పూడిక తీసినా, ముందు ఆ నీళ్లలో చేపపిల్లల్ని వేసి చూస్తారు. అవి ఈదితేనే మనుషులు ముంచుకుంటారు. మా తాతల నుంచీ ఉన్న పద్ధతి, ఎప్పుడూ తప్పు చెప్పలేదని నమ్మకం. గోపయ్య అదే పెట్టాలన్నాడు. అందరినీ ఒకసారి చూసి, చివరికి మా పెదబాపు దగ్గర ఆగాడు.

"బుగ్గా, నువ్వు షహర్ల గిదే పని చేసినవంట గద. మాకన్న నీకే ఎరుక. ఏసి చూసి చెప్పు."

అప్పుడు ఆయన చెప్పాల్సింది ఒకటే. ఈ మందు చేపల్ని చంపుతుంది, మనుషుల్ని చంపదు, నేను నాలుగేళ్లు తాగాను. అంతే. లేదా కొర్రమట్టను వేసినా సరిపోయేది, అది పైకి తేలి గాలి పీల్చుకుని కొంతసేపు తట్టుకునేది. ఒక గంగాళంలో నీళ్లు తోడి ఎండలో పెట్టి, రేపు చూద్దామన్నా సరిపోయేది. ఇవన్నీ ఆయనకు తెలుసు. అవేవీ చేయలేదు. పోయి చెరువు మడుగులోంచి నాలుగు పరక పిల్లల్ని పట్టుకొచ్చాడు. అప్పుడే తోడిన బావినీళ్లను తాంబాళంలో పోసి అందులో వదిలాడు. అవి రెండు చుట్లు తిరిగాయి, నోళ్లు తెరిచాయి, పక్కకు ఒరిగాయి. వాడంతా తలలు వంచి చూస్తోంది.

"జహరేనా?" అన్నాడు గోపయ్య.

"అవ్. జహరే," అన్నాడు మా పెదబాపు.

"బుగ్గన్న చెప్పినంక ఇగ మాట లేదు," అన్నాడు సాయన్న.

నాకు ఇదంతా ఆయనే చెప్పాడు, ముసలితనంలో. నేను అప్పటికి బడిలో టీచరమ్మను, నాకు నోరెక్కువ. "భయపడ్డవా పెదబాపు? సర్కారు మనిషివంటరని భయపడ్డవా?" అని అడిగాను. ఏదో ఒక సాకు ఆయన చేతికి ఇవ్వాలనే నా తాపత్రయం. ఆయన తీసుకోలేదు.

"భయం గూడ ఉండె. గని గదొక్కటే కాదు బిడ్డ. నవ్వినోళ్లందరు నోరు మూసుకోని నా దిక్కే చూస్తుండ్రి. గోపయ్య అంతటోడు నన్నడిగిండు. నాకు మస్తు సంబురమైంది."

ఆ మాట విన్నాక ఆయన మీద అరవాలనుకున్నాను, ఏడుపొచ్చింది. చావుల సంగతి కన్నా ఆ సంబరం సంగతే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది. ఎందుకంటే అది నాకు అర్థమైంది.

ఆ రోజు ఇంటికి వచ్చాక రాధమ్మ పెదమ్మ బిందె పట్టుకుని నిలబడింది. "మరి మనం ఏ నీళ్లు తాగాలె?" అంది. షహరు ముచ్చట్లన్నీ ఆమెకు చెప్పి ఉన్నాడు కదా, ఆమెకూ తెలుసు.

"బావి నీళ్లే తే," అన్నాడు. "మిట్టమధ్యాహ్నం పో, ఎవ్వలుండరు."

"వాడోళ్లు?"

"ఫికర్ చెయ్యకు. రెండు మూడు దినాలైతె మందు ఇగిరిపోతది. గప్పుడు మళ్ల చేపలేసి చూపిస్త. బతుకుతయి. అందరు తాగుతరు. నా మాట పోదు, ఎవ్వలకేం గాదు."

లెక్క బాగానే వేసుకున్నాడు. పెదమ్మ మధ్యాహ్నంపూట బావినీళ్లు తెచ్చింది. మా ఇంట్లో అందరం అవే తాగాం. మా అమ్మ ఆ నీళ్లు తాగి నాకు పాలిచ్చింది. నా వాటా అన్నాను కదా, అదీ. వాడ మాత్రం చెరువు అడుగున తవ్విన చెలిమెలకు పోయింది. మూడోరోజు పెదబాపు చేపల కోసం మడుగుకు బయలుదేరుతుంటే జీపు మళ్లీ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చుక్కలు వేసి చూశాడు, పసుపు తిరగలేదు. మందు తగ్గిపోయిందని మళ్లీ బకెట్టెడు పోయించి వెళ్లాడు. పెదబాపు దారిలోంచే వెనక్కి వచ్చాడు. ఆ పూటే పై వాడలో గత్తర సోకినవాళ్ల బట్టలు ఎవరో చెలిమెల పక్కన ఉతికారని తర్వాత తెలిసింది.

ఐదోరోజు మా వాడలోనే ఎంకయ్య అనేవాడి ఇద్దరు పిల్లలు పోయారు. ఆరోరోజు గోపయ్య తల్లి, ఆ పక్కింటి ముసలమ్మ. అప్పుడైనా నోరు తెరవవచ్చు. తెరిస్తే, మరి ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఒక్కోరోజు గడిచేకొద్దీ ఆ మాట బరువైపోయింది. ఏడోరోజు పొద్దున సాయన్నకు కక్కుడు, బేదులు మొదలయ్యాయి. పెదబాపు పోయి గడప దగ్గర నిలబడ్డాడు. సాయన్న చెంపలు లోపలికి పోయాయి, చేతివేళ్లు ముడతలు పడ్డాయి. "దూప, దూప" అని నీళ్లకు అల్లాడుతున్నాడు. ఆయన భార్య మైసమ్మ చెలిమె నీళ్లు ముంతతో పోస్తోంది. పోసినవి పోసినట్టే బయటికి వస్తున్నాయి, మళ్లీ పోస్తోంది. పక్కన గోపయ్య, ఇంకా నలుగురు ఉన్నారు. పెదబాపు ముంతకేసి చూస్తూ నిలబడ్డాడు. పొద్దుగూకక ముందే సాయన్న పోయాడు.

"అప్పటికి ఏ నీళ్లు పోసినా దక్కేవాడు కాదేమో పెదబాపు," అన్నాను నేను. "ఊకో బిడ్డ" అన్నాడు.

సూదులు తీసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఐదు శవాలు లేచాయి. బావిలో మందు వేశాక కూడా ఇట్లా ఎందుకైందో అర్థంకాక, నీళ్లు ఎందుకు తాగలేదని అడిగాడు. గోపయ్య, "చేపలు సచ్చినయ్ సారూ" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అట్లాగే అరుగు మీద కూలబడ్డాడట. "చేపలు చస్తాయయ్యా. వాటికి పడదు. మనుషులు చావరు," అన్నాడు.

అందరూ మా పెదబాపు వైపు తిరిగారు. తిడతారని, కొడతారని ఆయన చూస్తున్నాడు. కొట్టి ఉంటే బాగుండేదని నాతో అన్నాడు. గోపయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తల్లిని పోగొట్టుకున్నవాడు. "నీకేం ఎరుక బుగ్గా. తాతల కాన్నుంచి చేపనే నమ్మినం. అందరం మోసపోయినం, నువ్వొక్కనివేనా," అన్నాడు. పెదబాపు తల ఊపాడు. మొదటి అబద్ధం నోటితో ఆడాడు, రెండోది తలతో.

వానలు పడ్డాయి, పెద్ద చెరువు నిండింది. మా వాడలో తెప్ప మీద వల విసిరే మనిషి చనిపోతే, కొత్తనీటిలో మొదటి వల వేసేరోజు అతని భార్య అతని వల తెచ్చి, ఆ చోటు ఎవరికి ఇస్తారో వాళ్ల చేతుల్లో పెడుతుంది. సాయన్న చోటు బుగ్గయ్యకేనని గోపయ్య చెప్పేశాడు. అన్నదమ్ముల్లా ఉన్నారు, ఇంకెవరికి ఇస్తామన్నాడు. ఎవరూ కాదనలేదు. తెప్ప ముందు నిలబడి వల విసిరే చోటు అది. ఊరికి వచ్చిన రోజు నుంచి ఆయన కోరుకున్నది అదే.

ముందురోజు పొద్దున పెదబాపు మైసమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో కూర్చుని, చిరిగిన చోట వలకు ముడులు వేస్తోంది, రేపు ఆయన చేతికే ఇవ్వడానికి. ఆయన నేల మీద కూర్చున్నాడు. ఇక దాచలేదు. అద్దాల తొట్టి దగ్గర మొదలుపెట్టి నల్లా మందు, పసుపురంగు, పరక పిల్లల్నే ఎందుకు ఏరాడో, ఇంట్లో ఏ నీళ్లు తాగారో అంతా చెప్పాడు. "నాకు ఎరికై చెప్పిన మైసక్కా. ఎరుక లేక కాదు," అన్నాడు. ఆమె ముడులు వేయడం ఆపలేదు.

"నాకు ఎరుకనే అన్నా. మీ రాధ రెండోనాడే వచ్చి చెప్పింది. నీళ్లు మంచియే, మేం తాగుతున్నం, జర మీరు గూడ తాగుండ్రి అని. నమ్ముతనో లేనో అని తనే ఒక బిందె ముంచి తెచ్చి నా గడపల పెట్టింది."

పెదబాపుకు ఈ సంగతి తెలియదు. పెదమ్మ ఆయనకు చెప్పలేదు.

"నేను గా బిందె పారబోసిన," అంది మైసమ్మ. "నీ పెనిమిటి అంతమంది ముంగట అబద్ధమాడతడా, ఆయన గట్లాంటోడు కాదు, నువ్వు నడువు అని రాధను ఎల్లగొట్టిన. మా ఇంటాయనకు గూడ చెప్పలే. చెప్తే నవ్వుతడనుకున్న. గాయిన దూప దూప అని మొత్తుకుంటుంటె, గా బిందె పారబోసిన చేతులతోనే చెలిమె నీళ్లు పోసిన. నా మొగన్ని నేనే చంపుకున్న అని ఇన్నొద్దుల సంది ఎవ్వలకు చెప్పుకోలే. సిగ్గయితుంది అన్నా."

సిగ్గుపడాల్సిన మనిషి ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు. నీ తప్పేం లేదు, అంతా నాదే అని ఆయన పదేపదే చెప్పాడట. ఆమె తల అడ్డంగా ఊపుతూ, వల ముడులు వేస్తూనే ఉంది. బతికినన్నాళ్లూ ఆమె ఆ మాట ఒప్పుకోలేదు.